ఆసుపత్రి చీటీ మీద రోగి చేసే పని రాయండి: తాడిపత్రి రాతి కార్మికుల దగ్గు గురించి బహిరంగ లేఖ

వైద్య ఆరోగ్య, కార్మిక, ఫ్యాక్టరీల తనిఖీ, గనుల శాఖల అధికారులకు, ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులలో రోగులను చూస్తున్న వైద్యులకు నమస్కారములు.

అయ్యలారా, అమ్మలారా,

తాడిపత్రిలో నాపరాతి, గ్రానైటు పాలిష్ ఫ్యాక్టరీలకు పోయే దారిలో నేను మందుల దుకాణం నడుపుతున్నాను. రాయి కోసేవారు, పాలిష్ పట్టేవారు, అంచులు దిద్దేవారు, బండలు ఎత్తి దించేవారు, వారి ఇళ్లలోని ఆడవాళ్లు, పిల్లలు రోజూ నా దగ్గరికి వస్తుంటారు. వారి దగ్గు గురించి, ఆయాసం గురించి మా వీధివాళ్లం కొందరం సంతకాలు చేసి ఇచ్చిన అర్జీని ఒక కార్యాలయంలో తీసుకున్నారు. అది "పరిశీలించి తగు చర్య నిమిత్తం" అనే ముద్రతో ఇంకొక కార్యాలయానికి, అక్కడి నుంచి మరొక చోటికి పోయి, చివరకు "మీ అర్జీ పరిష్కరించబడినది" అనే సందేశంగా నా ఫోనుకు చేరింది. ఏ ఫ్యాక్టరీకీ ఎవరూ రాలేదు, ఎవరి ఛాతీకీ ఎక్స్‌రే తీయలేదు, పరిష్కారం ఏమిటో కూడా చెప్పలేదు. ఆ తర్వాత ఇచ్చిన అర్జీకి ఆ సందేశం కూడా రాలేదు కనుక ఇప్పుడు అందరి ఎదుటా రాస్తున్నాను.

ఈ సీమలో రాతిపని నిన్న మొన్నటిది కాదు. బుగ్గ రామలింగేశ్వరాలయం, చింతల వెంకటరమణస్వామి ఆలయం చూసినవారికి ఆ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఆనాటి ఉలి దెబ్బకు దుమ్ము లేవలేదని నేను అనను. అయితే నిమిషానికి వేల చుట్లు తిరిగే డైమండ్ బ్లేడు, చేతి గ్రైండరు పొడి రాయి మీద ఆడినప్పుడు లేచే దుమ్ము పరిమాణంలోనూ, మెత్తదనంలోనూ వేరు. ఇది ఒక్క తాడిపత్రి సంగతి కూడా కాదు. ఒకప్పటి కర్నూలు జిల్లాలోని, ఇప్పటి నంద్యాల జిల్లాలోని బేతంచెర్ల, కొలిమిగుండ్ల, అవుకు ప్రాంతాలలోనూ, కడప జిల్లా ఎర్రగుంట్ల వైపునా నాపరాయి తీసి కోసి బతికే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మంగంపేట ముగ్గురాయిని పిండి చేసే మిల్లుల వద్ద కూడా కూలీలు దుమ్ములోనే పని చేస్తారు. నేను చూస్తున్నది తాడిపత్రి కాబట్టి తాడిపత్రి మాటే రాస్తాను.

ముందుగా జబ్బు సంగతి. గ్రానైటులో అయిదో వంతు మొదలుకొని సగానికి మించి కూడా క్వార్ట్జ్, అంటే స్ఫటిక రూపంలోని సిలికా, ఉంటుంది. నాపరాయి ప్రధానంగా సున్నపురాయి అయినా అందులోనూ సిలికా పాలు ఉంటుంది, అది పొరపొరకూ మారుతుంది. ఏ ఫ్యాక్టరీ గాలిలో ఎంత ఉందన్నది కొలిచి చెప్పవలసిన విషయమే తప్ప ఊహించి చెప్పేది కాదు. మనిషి తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే, ఊపిరితిత్తుల చిట్టచివరి గాలిగదుల దాకా దిగే రేణువు 5 మైక్రాన్ల లోపుది. కంటికి కనబడే దుమ్మును చాలా మటుకు ముక్కు, గొంతు ఆపి బయటికి తోసేస్తాయి, కనబడనిది లోపలికి పోతుంది. దాన్ని మింగబోయిన రక్షక కణాలు చచ్చిపోయి, ఆ చోట వాపు వచ్చి, పుండు మానినట్లుగా మచ్చ కడుతుంది. మచ్చ కట్టిన మేరకు ఊపిరితిత్తి గాలిని మార్చుకోలేదు. దీనినే సిలికోసిస్ అంటారు. ఆ మచ్చను కరిగించే మందు నా దుకాణంలోనే కాదు, లోకంలో ఎక్కడా లేదు. సాధారణంగా పదేళ్లకు పైగా దుమ్ములో ఉన్నవారికి బయటపడుతుంది, దుమ్ము ఎక్కువైన చోట అయిదు నుంచి పదేళ్లలోనే వస్తుంది, మరీ దట్టమైన దుమ్ములో అంతకంటే ముందే రావచ్చు. పని మానేసిన తర్వాత కూడా అది ముదురుతూ పోవచ్చు. స్ఫటిక సిలికా మనుషులకు క్యాన్సరు కలిగించే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే వర్గీకరించింది. మనకు ఎంతో దూరం లేని కోలారు బంగారు గనులలో ఈ జబ్బును 1930, 40 దశకాలలోనే గుర్తించారు. అంటే ఇది వైద్యులకు కొత్త జబ్బు కాదు, ఈ జిల్లా కాగితాలకు మాత్రమే కొత్త.

ఇక సామాన్యుల మీద దీని భారం ఎట్లా పడుతున్నదో మనవి చేస్తాను.

1. దగ్గుకు అసలు పేరు పెట్టడం లేదు. వారం కూలి ఇచ్చిన సాయంత్రం నా దుకాణం ముందు నిలబడేవారిలో ఎక్కువ మంది అడిగేది దగ్గు మందే. "ఏముందిలేన్నా, దుమ్ము పనికి దగ్గు రాకుండా ఉంటాదా, ఒక సీసా ఇయ్యి" అంటారు. కనురెప్పల వెంట్రుకలకు, చెవుల మడతలకు తెల్లటి పిండి అంటుకొని ఉంటుంది. టవలు విప్పితే ముక్కు నుంచి గడ్డం దాకా ఒక రంగు, దాని పైన మరొక రంగు. సీసాతో తగ్గక, మెట్లెక్కితే దమ్ము పట్టుకునే రోజు వచ్చిన తర్వాత ఆసుపత్రికి పోతారు.

అట్లా పోయి వచ్చిన ఒక అంచుల కోత పనివాడు తన చీటీ నాకు చూపించాడు. పేరు ఉంది, వయసు 38 అని ఉంది, "దగ్గు, ఆయాసం, మూడు నెలలు" అని ఉంది, మందులు ఉన్నాయి. అతడు ఏమి పని చేస్తాడన్నది ఎక్కడా లేదు. అడగలేదా అంటే, "బీడీ తాగుతావా, మందు తాగుతావా అని అడిగినారన్నా, పని అడగలేదు" అన్నాడు. కళ్లె పరీక్షలో క్రిమి కనబడలేదు, ఎక్స్‌రేలో మచ్చలు కనబడినాయి, టీబీ మందులు మొదలుపెట్టారు. ఆరు నెలల కోర్సు పూర్తయింది, దగ్గు పోలేదు. మరొక చోటికి పోతే మళ్లీ అదే కోర్సు. ఇట్లాంటి చీటీలు నా గల్లా మీదికి వస్తూనే ఉన్నాయి.

ఇక్కడ వైద్యులకు ఒక మాట వినయంగా చెప్పుకోవాలి. సిలికా వల్ల దెబ్బతిన్న ఊపిరితిత్తికి టీబీ పట్టే అవకాశం మామూలు మనిషి కంటే ఎన్నో రెట్లు ఎక్కువని మీకు నాకంటే బాగా తెలుసు. కాబట్టి ఈ పనివారిలో టీబీ ఉండటం అబద్ధం కాదు, చాలా మందికి రెండూ ఉండవచ్చు. క్షయ నిర్మూలన కార్యక్రమం వల్ల పరీక్ష, మందులు ఉచితంగా దొరుకుతున్నాయి, పోషణ కోసం నెలకు ఇచ్చే 500 రూపాయలు 2024 నవంబరు నుంచి 1,000 అయింది. అది మంచిదే. కానీ టీబీ అని రాసి ఊరుకుంటే ఆ మనిషి కోర్సు అయిపోగానే తిరిగి అదే గ్రైండరు దగ్గరికి, అదే దుమ్ములోకి పోతాడు. జబ్బు తెచ్చిన పని చీటీలో లేదు కనుక పని మానుకొమ్మని గాని, పని చోటు బాగుచేయమని గాని చెప్పేవారు ఉండరు.

2. నీళ్లు పారుతున్న మిషను దగ్గర కాదు, నీళ్లు లేని మూలలో ప్రమాదం ఉంది. తనిఖీకి వచ్చేవారికి పెద్ద కటింగ్ మిషనును, పాలిష్ లైనును చూపిస్తారు. అక్కడ బ్లేడు మీద నీళ్లు పడుతుంటాయి, దుమ్ము తక్కువగానే ఉంటుంది. షెడ్డు వెనుక వైపు అంచులు దిద్దడం, వంటగది దిమ్మెకు సింకు రంధ్రం కోయడం, మెట్ల బండకు ముక్కు గుండ్రం చేయడం చేతి గ్రైండరుతో పొడిగా జరుగుతుంది. నీళ్లు వాడితే గీసిన గీత కనబడదని, కరెంటు కొడుతుందని చెబుతారు. కరెంటు భయం నిజమే. దానికి గాలితో నడిచే పరికరాలు, సరైన ఎర్తింగు, లీకేజీ ఆపే స్విచ్చులు ఉన్నాయి. రాయిని పొడిగా కోయడం దానికి మందు కాదు. పని ముగిశాక ఒంటి మీది దుమ్మును కంప్రెసర్ గాలితో దులుపుకోవడం ఇంకొక అలవాటు. పట్టిన దుమ్మంతా అప్పుడు లేచి మళ్లీ ముక్కులోకే పోతుంది.

టవలు గాని, పచారీ కొట్టులో దొరికే గుడ్డ మాస్కు గాని 5 మైక్రాన్ల రేణువును ఆపవు. ముఖానికి గట్టిగా ఆనుకునే ఎన్95 రకం మాస్కు చాలా మటుకు ఆపుతుంది. అయితే అది రోజుల తరబడి వాడేది కాదు, గడ్డం పెరిగిన ముఖానికి సరిగా అతకదు, మే నెల ఎండలో రేకుల షెడ్డు కింద దాన్ని గంటల కొద్దీ పెట్టుకోవడం అయ్యే పని కాదు. అందుకే మాస్కులు పంచి ఫోటో తీయించుకునే కార్యక్రమాన్ని పరిష్కారంగా లెక్కించవద్దని కోరుతున్నాను. దుమ్ము పుట్టే చోటే దాన్ని నీటితో అణచడం, గొట్టంతో పీల్చి బయటికి లాగడం మొదటి పని. మాస్కు ఆ తర్వాతి మాట.

3. కళ్లు, చెవులు, చేతులు. రాతి పెళుసు కంట్లో పడితే పక్కవాడు టవలు కొసతో తీస్తాడు, గీత పడిన కంటికి నా దగ్గర చుక్కల మందు కొంటారు. రోజంతా బ్లేడు హోరులో ఉన్నవారు దుకాణంలో గట్టిగా అరిచి మాట్లాడతారు, ఇంట్లో టీవీ శబ్దం పెంచుకుంటారు. స్లర్రీ, అంటే రాయి కోసేటప్పుడు నీళ్లలో కలిసి వచ్చే రాతిపిండి బురద, అందులో నానిన వేళ్ల సందులు పగిలి నెత్తురు వస్తుంది. ఇవి ప్రాణం తీసేవి కావు కనుక ఎవరి అర్జీలోనూ ఉండవు.

4. నడుము, మోకాళ్లు, వాటి కోసం మింగే మాత్రలు. బండలు ఎత్తే హమాలీలు పొద్దున లోడింగుకు పోయే ముందే నొప్పి మాత్ర వేసుకుంటారు, దాని వల్ల కడుపు మండితే దానికి మరొక మాత్ర. నాకు అమ్మకం ఉన్న మాట నిజమే గాని చెప్పక తప్పదు: ఎండలో చెమట ఓడి, తగినన్ని నీళ్లు తాగక, ఆ మాత్రలను నెలల తరబడి మింగితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. డాక్టరు చీటీ లేకుండా ఇవ్వనంటే పక్క దుకాణానికి పోతారు. దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాలలో ఒకటైన మన అనంతపురంలో, ఎండాకాలం రేకుల కింద పని చేసేవారికి చల్లని మంచినీళ్లు, నీడలో కాసేపు విశ్రాంతి అడగడం గొంతెమ్మ కోరిక కాదు. కొన్ని చోట్ల ఆడవాళ్లు మరుగుదొడ్డి లేనందువల్ల నీళ్లే తాగరు. అందువల్ల వచ్చే మూత్రనాళ ఇన్ఫెక్షన్లకు మందులూ నా దగ్గరే కొంటారు. స్టాండుకు ఆనించిన బండలు జారి కాళ్ల మీద పడే ప్రమాదాల గురించి వేరే రాయడం లేదు, అవి కనీసం పోలీసు స్టేషను దాకా పోతాయి.

5. దుమ్ము గేటు దాటి ఊళ్లోకి వస్తుంది. స్లర్రీని ట్యాంకర్లతో తెచ్చి రోడ్ల పక్కన, వంకలలో, బీడు భూములలో పారబోస్తున్నారు. అది ఎండితే సన్నటి తెల్లని పిండి అవుతుంది. లారీ పోయినప్పుడల్లా లేస్తుంది, గాలి దుమారం వస్తే వీధులలోకి వస్తుంది. ఇంట్లో భర్త చొక్కాను దులిపి ఉతికే ఆమె ఏ ఫ్యాక్టరీ హాజరు పుస్తకంలోనూ ఉండదు, ఆమె కూడా ఆ దుమ్మునే పీలుస్తుంది.

6. మనిషి పడిపోయిన తర్వాత ఇల్లు నిలవడం లేదు. దమ్ము వచ్చిన పనివాణ్ణి ముందు మిషను మీది నుంచి హెల్పరుగా దించుతారు, కూలి తగ్గుతుంది. తర్వాత "రెస్టు తీసుకో" అంటారు. ఇంటావిడ ఉల్లిపాయల కోతకో, ఇళ్లలో పనికో పోతుంది, పెద్ద కొడుకు చదువు మానేసి, ఇదే చాలా బాధాకరమైన సంగతి, తండ్రి వదిలిన గ్రైండరునే పట్టుకుంటాడు. ఉత్తరాది రాష్ట్రాల నుంచి వచ్చి షెడ్డులోనే పడుకునే కుర్రవాళ్ల సంగతి ఇంకా అన్యాయం. వారు జబ్బుపడితే రైలెక్కిస్తారు, ఎవరి ఊళ్లో ఎవరు పోయారో ఇక్కడి లెక్కలోకి ఎన్నటికీ రాదు.

ఇదంతా చట్టం లేక జరుగుతున్నది కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 14వ సెక్షను దుమ్మును పుట్టిన చోటే అదుపు చేయాలని చెప్పింది. అదే చట్టం మూడో షెడ్యూలులో సిలికోసిస్ పేరు ఉంది. ఆ షెడ్యూలులోని జబ్బు కార్మికుడికి వచ్చిందని తెలిస్తే యాజమాన్యమే కాక, చూసిన వైద్యుడు కూడా ఆలస్యం లేకుండా చీఫ్ ఇన్‌స్పెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలని 89వ సెక్షను చెప్పింది, తెలపని వైద్యుడికి జరిమానా కూడా పెట్టింది. గాలిలో ఎంత ధూళి ఉండవచ్చో రెండో షెడ్యూలు లెక్క కట్టి ఇచ్చింది: పీల్చదగిన ధూళిలో 30 శాతం క్వార్ట్జ్ ఉంటే, ఆ సూత్రం ప్రకారం ఘనపు మీటరు గాలిలో సుమారు 0.31 మిల్లీగ్రాములు మించరాదు. తాడిపత్రి షెడ్లలో ఆ కొలత తీసి గోడకు అంటించిన కాగితాన్ని నేను ఎన్నడూ చూడలేదు.

ఆ ఫ్యాక్టరీల చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ కూడా సిలికోసిస్‌ను తప్పక తెలపవలసిన జబ్బుగానే ఉంచింది, నిర్దేశించిన తరగతుల కార్మికులకు ఏటా ఉచిత వైద్య పరీక్ష చేయించాలంది. అదే కోడ్ ఇంకొక పని కూడా చేసింది. కరెంటుతో నడిచే చోట పదిమంది ఉంటే ఫ్యాక్టరీ అన్న పాత లెక్కను ఇరవైమందికి పెంచింది. మా ఊరి చిన్న షెడ్లలో పని చేసేవారి సంఖ్య ఎంతో మీకు తెలియనిది కాదు. ప్రమాదకరమైన పని జరిగే చోట మనుషులు తక్కువగా ఉన్నా చట్టాన్ని వర్తింపజేసే అధికారం ప్రభుత్వానికి ఉంది. దాన్ని వాడకపోతే, ఎక్కువ దుమ్ము తినే మనుషులే చట్టానికి అవతల పడిపోతారు.

పరిహారం సంగతి కూడా ఇంతే. 1923 నాటి నష్టపరిహార చట్టం మూడో షెడ్యూలులో సిలికోసిస్, సిలికో టీబీ రెండూ ఉన్నాయి, ఇప్పుడు దాని స్థానంలోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఉన్నాయి. "మా దగ్గర రెండేళ్లే చేసినాడు, అంతకు ముందు ఎక్కడ చేసినాడో ఏమో" అని యజమానులు అనే మాటకు ఆ పాత చట్టంలోనే జవాబు ఉంది: ఒకరి తర్వాత ఒకరి దగ్గర పని చేసి జబ్బు తెచ్చుకున్నవాడికి ఆ యజమానులందరూ కమిషనరు నిర్ణయించిన వంతున బాధ్యులు. పదిమంది, ఆ పైన ఉన్న చోట నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవారికి ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ బీమా, వర్తిస్తుంది. వృత్తి వల్ల వచ్చిన జబ్బుకు ఆ పథకంలో వైద్యమే కాక నెలనెలా సొమ్ము కూడా ఉంది, మరణిస్తే కుటుంబానికి పింఛను ఉంది. ఇవన్నీ పొందాలంటే ముందు ఒక కాగితం మీద "సిలికోసిస్" అని ఉండాలి. అది ఉండాలంటే అంతకంటే ముందు ఇంకొక కాగితం మీద "గ్రానైటు పొడి కోత, పన్నెండేళ్లు" అని ఉండాలి. పని రాసిన ఆ కాగితం లేనందువల్ల మిగిలిన చట్టమంతా బీరువాలో ఉండిపోతున్నది.

ఇతర చోట్ల ఇది జరిగిందని కూడా గుర్తు చేస్తాను. గుజరాత్‌లోని క్వార్ట్జ్ పిండి మిల్లులలో పని చేసి సిలికోసిస్‌తో చనిపోయిన మధ్యప్రదేశ్ కూలీలు 238 మంది కుటుంబాలకు తలా 3 లక్షల రూపాయలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించింది. రాజస్థాన్ ప్రభుత్వం 2019లో ఈ జబ్బుల కోసం ఒక విధానమే తెచ్చి, జబ్బు ధ్రువపడినవారికి 3 లక్షలు, మరణిస్తే కుటుంబానికి మరో 2 లక్షలు సాయంగా ప్రకటించింది. అక్కడా గనులే, ఇక్కడా గనులే. రాళ్ల మీద వచ్చే ఆదాయంలో నుంచి ఏర్పడిన జిల్లా ఖనిజ నిధిలో కనీసం 60 శాతం తాగునీరు, వైద్యం, పర్యావరణం వంటి ముఖ్యమైన అవసరాలకు వాడాలని 2015 నాటి మార్గదర్శకాలలోనే ఉంది. కాబట్టి డబ్బు లేదన్న మాట ఈ ఒక్క విషయంలో చెల్లదు.

ఫ్యాక్టరీలు మూయించమని ఈ లేఖలో ఎక్కడా అడగడం లేదు. మూస్తే మొదట పస్తులుండేది ఈ పనివాళ్లే. చిన్న యజమానులలో చాలా మంది నిన్నటి పనివాళ్లే, అప్పుల మీద మిషన్లు పెట్టినవారే, వారిలో కొందరు అదే దుమ్ములో దగ్గుతున్నవారే. ఒక షెడ్డు నీళ్ల ఏర్పాటు చేసి, పక్క షెడ్డు పొడిగానే కోసి తక్కువ ధరకు అమ్మితే మంచి పని చేసినవాడు నష్టపోతాడు. నియమం అందరికీ ఒక్కసారే, ఒకే విధంగా పెట్టవలసిన బాధ్యత మీదేనని అందుకే అంటున్నాను.

మా కోరికలు ఇవి.

1. ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నింటిలో ఓపీ చీటీ మీద, టీబీ నమోదు పుస్తకంలో రోగి చేసే పని, ఎన్నేళ్లుగా చేస్తున్నాడు అనే రెండు గడులు తప్పనిసరి చేయాలి. ఖాళీ గడితో మందులు ఇవ్వకూడదు. దీనికి పైసా ఖర్చు లేదు, కొత్త చట్టం అక్కరలేదు, ఒక్క సర్క్యులరు చాలు. మిగిలిన కోరికలకు వ్యవధి కావాలంటే ఒప్పుకుంటాము గాని దీనికి ఒప్పుకోము.

2. రాతి ఫ్యాక్టరీలు, క్వారీలు, పిండి మిల్లులలో పని చేసేవారికి, మానేసినవారికి కూడా, ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి సామర్థ్య పరీక్షలతో వైద్య శిబిరాలు నడపాలి. ఎక్స్‌రేలను సిలికోసిస్ చదవడంలో శిక్షణ ఉన్న వైద్యుల చేత చదివించాలి, అవసరమైతే అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ సాయం తీసుకోవాలి. పరీక్షల కాగితాలు యజమాని చేతికి కాక పనివాడి చేతికి ఇవ్వాలి. జబ్బు బయటపడితే పని పోతుందని పనివాళ్లు భయపడుతున్నారు, ఆ భయం తీరకపోతే శిబిరానికి ఎవరూ రారు.

3. జబ్బును ధ్రువపరిచే వైద్య బోర్డును ఈ జిల్లాలోనే ఏర్పాటు చేయాలి. ఊపిరాడని మనిషిని బస్సెక్కించి దూరపు ఊళ్లకు తిప్పవద్దు.

4. పొడి కోతను, పొడి గ్రైండింగును, కంప్రెసరుతో దులపడాన్ని నిషేధించి, నీటి ఏర్పాటుకు, దుమ్ము లాగే యంత్రాలకు చిన్న షెడ్లకు ఖనిజ నిధి నుంచో, చిన్న పరిశ్రమల పథకాల నుంచో సాయం ఇప్పించాలి. ప్రతి షెడ్డులో ఏడాదికి ఒకసారైనా గాలిని కొలిచి, ఆ అంకెను తెలుగులోనూ, హిందీలోనూ గోడ మీద రాయించాలి. తనిఖీకి ముందుగా కబురు పెట్టి రావద్దు, వచ్చినప్పుడు షెడ్డు వెనుక వైపు కూడా చూడండి.

5. ఇరవైమంది కంటే తక్కువ పనివాళ్లున్న రాతి షెడ్లకు భద్రతా నియమాలు వర్తించేలా రాష్ట్ర ప్రభుత్వానికి జిల్లా నుంచి ప్రతిపాదన పంపాలి.

6. ప్రతి పనివాడికి, వలస వచ్చినవారితో సహా, పని చేసిన చోట్లు, కాలం నమోదయ్యే గుర్తింపు కార్డు ఇవ్వాలి. అర్హత ఉన్నవారందరినీ ఈఎస్ఐలో చేర్పించాలి. కూలిలో నుంచి వంతు కోసుకొని కార్డు ఇవ్వని చోట్ల విచారణ జరపాలి.

7. స్లర్రీని పారబోయడానికి గుర్తించిన, కంచె వేసిన స్థలం చూపించి, రోడ్ల పక్కన పోసే ట్యాంకర్ల మీద కేసులు పెట్టాలి. ఇప్పటికే పోసిన గుట్టలను తడిపి, కప్పి, తరలించాలి.

8. మంచినీళ్లు, మరుగుదొడ్లు, కళ్లద్దాలు, ప్రథమ చికిత్స పెట్టె. వీటికి వివరణ అవసరం లేదు, చట్టంలో ఎప్పటి నుంచో ఉన్నాయి.

వైద్యులకు ప్రత్యేకంగా ఒక విన్నపం. మీరు రోజుకు ఎందరిని చూడవలసి వస్తున్నదో, ఒక్కొక్కరికి ఎన్ని నిమిషాలు దొరుకుతాయో నేను రోజూ చూస్తూనే ఉన్నాను. అయినా "ఏమి పని చేస్తావు, ఎన్నేళ్లుగా?" అనే ప్రశ్నకు పట్టేది కొన్ని సెకన్లే. సర్క్యులరు వచ్చే దాకా ఆగకుండా రేపటి నుంచే అడిగి రాయండి. టీబీ కోర్సు పూర్తయ్యాక కూడా మచ్చలు అట్లాగే ఉన్న రాతి పనివాణ్ణి మూడోసారి అదే కోర్సుకు పంపే ముందు సిలికోసిస్ గురించి ఆలోచించి, అనుమానం ఉంటే చట్టం చెప్పినట్లు రాసి పంపండి.

యజమానుల సంఘాలు, కార్మిక సంఘాలు, వైద్యులు, మా వీధివాళ్లు అందరూ కూర్చునే ఒక సమావేశాన్ని ఈ నెలలోనే తాడిపత్రిలో ఏర్పాటు చేయవలసిందిగా కోరుతున్నాను. ఏ కోరికను ఏ శాఖ, ఏ తేదీ లోపల చేపడుతుందో, చేపట్టలేకపోతే కారణమేమిటో ముప్పై రోజులలోగా రాతపూర్వకంగా తెలియజేయగలరు. "పరిష్కరించబడినది" అనే సందేశాన్ని మాత్రం ఈసారి జవాబుగా తీసుకోము. సంతకాలు చేసినవారి జాబితాను, వారి అనుమతితో తీసిన చీటీల నకళ్లను, పేర్లు కనబడకుండా చేసి, సమావేశానికి తెస్తాము.

ఇట్లు,
తాడిపత్రి ఫ్యాక్టరీల దారిలోని ఒక మందుల దుకాణదారు,
సంతకాలు చేసిన వీధివాసుల తరఫున